నీ ఇష్టం బిడ్డా...

మా ఇండ్లల్లో ఆడపిల్లని ఏమీ అడగరని ఎవరైనా అంటే అది నిజం కాదు. అడుగుతారు. పెళ్లి విషయంలో తప్పకుండా అడుగుతారు. పిల్లగాడి ఉద్యోగం, పొలం, అన్నదమ్ముల లెక్క, కట్నం అన్నీ మాట్లాడుకున్నాక, వరపూజకి మంచిరోజు కూడా అనుకున్నాక, తండ్రి లోపలికి వచ్చి "నీ ఇష్టం బిడ్డా, నీకు ఇష్టముంటెనే" అంటాడు. పిల్ల తల వంచుకుని "మీ ఇష్టం బాపూ" అంటుంది. ఇక సంబంధం ఖాయమైనట్టే. ఆయన ఇష్టాన్ని ఆమెకి అప్పజెప్పాడు, ఆమె తిరిగి ఆయనకే ఇచ్చేసింది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో అసలు ఇష్టం ఎవరిది, ఎప్పుడు ఎటు పోయింది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఈ మధ్య అది మళ్లీ నా ముందుకి వచ్చింది. చిత్రమేమిటంటే ఒక జపాన్ బొమ్మల కథలోంచి వచ్చింది.

మా అక్క కూతురి కూతురు, అంటే నాకు మనవరాలు, డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసింది. ఇరవై మూడేళ్లు. ఫోన్‌లో జపాన్ కామిక్స్ చదువుతుంది. వాటిని 'మాంగా' అంటారని, కుడి నుంచి ఎడమకి చదవాలని నాకు ఆమే నేర్పింది. నిజామాబాద్‌లో ఉర్దూ అక్షరాలు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి అది నాకేమంత కష్టమనిపించలేదు. "చిన్నమ్మమ్మా, నువ్వు నవలలు బాగా చదువుతవు కద, ఇది చదువు" అని ఒకటి చూపించింది. పేరు తెలుగులో చెప్పాలంటే 'నా సంతోషకరమైన పెళ్లి'. అగితోగి అకుమి అనే రచయిత్రి నవలకి కొసాకా రీతో బొమ్మలు గీశారు. 2023లో యానిమేషన్‌గా కూడా వచ్చి ప్రపంచమంతా చూశారు.

కథ మనకి కొత్తది కాదు. మియో అనే పిల్ల. తల్లి చనిపోయింది. సవతి తల్లి, సవతి చెల్లెలు ఆమెని సొంత ఇంట్లోనే పనిమనిషిని చేశారు. ఆ వంశంలో అందరికీ ఉండాల్సిన అతీంద్రియ శక్తి ఆమెకి లేదు, కాబట్టి తండ్రికీ అక్కరకి రాని పిల్ల. తనని ఆదరించిన చిన్ననాటి స్నేహితుడికి సవతి చెల్లెల్ని ఇచ్చి, మియోని కుదో కియోకా అనే సైన్యాధికారి ఇంటికి పంపేస్తారు. అతను క్రూరుడని, అంతకు ముందు కుదిరిన పెళ్లికూతుళ్లందరూ నిలవలేక పోయారని లోకం అనుకుంటుంది. మియో ఒక్క మాట ఎదురు చెప్పదు. వెళ్లి, తెల్లవారకముందే లేచి వంట చేస్తుంది. అతను విషం కలిపిందేమోనని మొదట ముట్టడు. తర్వాత ఆమె వంట, ఆమె మౌనం, ఆమె చిరిగిన బట్టలు అతని మనసు మారుస్తాయి. ఒక దువ్వెన కొనిస్తాడు. మియోకి తన ఇష్టమంటూ ఒకటి ఉంటుందని అక్కడ మొదటిసారి తెలిసి వస్తుంది.

ఒక్క రాత్రిలో నూరు పేజీలు చదివాను. కళ్లు చెమర్చాయి కూడా. ఈ కథలు ఎందుకు పట్టుకుంటాయో నాకు బాగా తెలుసు. నేను పెరిగిందే ఇలాంటి కథల మీద.

మేము బోధన్ పక్కన శక్కర్‌నగర్ కాలనీలో ఉండేవాళ్లం. బాపు నిజాం షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు విభాగంలో గుమస్తా. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరుకు వచ్చింది, ఆ చెరుకు కోసం 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. కాలువ నీళ్ల కోసమే కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి బోధన్, వర్ని, కోటగిరి చుట్టూ భూములు కొని 'క్యాంపులు' కట్టుకున్నారు. మా క్లాసులో క్యాంపు పిల్లలు, పక్కన మరాఠీ మాట్లాడే పిల్లలు, ఉర్దూ మీడియం పిల్లలు, మేము. భాషలు వేరు, తిండి వేరు. పెళ్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి ఇండ్లల్లో ఒకటే లెక్క. క్రషింగ్ మొదలయితే రాత్రీ పగలూ సైరన్ మోత, చెరుకు బండ్ల వరసలు, ఊరంతా బెల్లపు పాకం లాంటి వాసన. అది అయిపోయి చెరుకు పైసలు చేతికొస్తే పెళ్లిళ్ల ముచ్చట. మాఘం, ఫాల్గుణం అని పంతులు చెప్పేవాడు గానీ, మా దగ్గర అసలు ముహూర్తం పెట్టేది చెరుకే.

బోధన్‌లో అద్దెకి నవలలు ఇచ్చే దుకాణం ఉండేది. అక్క తెచ్చేది, నేను దొంగతనంగా చదివేదాన్ని. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ', 'మీనా', 'జీవన తరంగాలు'. ఆ నవలల్ని 'పలాయనవాదం' అని కొట్టిపారేయడం మన విమర్శకులకి అలవాటు. నాకెప్పుడూ అంత తేలికగా అనిపించలేదు. ఉద్యోగం చేసుకుంటూ, డబ్బున్న మగవాడి ముందు ఆత్మాభిమానం వదులుకోని జయంతి శక్కర్‌నగర్ క్వార్టర్లలో మా లాంటివాళ్లకి ఎంత పెద్ద మనిషో చెప్పలేను. ఆడపిల్లకి కోపం రావచ్చునని, వచ్చినా ఆమె నాయిక అవుతుందని మాకు చెప్పింది ఆవిడే. ఆ మేలు చిన్నది కాదు.

అయితే ఇప్పుడు మళ్లీ ఆలోచిస్తే ఆ నవలల్లో ఒక నేర్పు కనిపిస్తుంది. 'మీనా' తీసుకోండి. ఇంట్లో తల్లి పెత్తనం. తల్లి చూసిన సంబంధం మీనాకి వద్దు. పల్లెకి వెళ్తుంది, అక్కడ మనసుపడుతుంది. ఎవరి మీద? బావ వరసయ్యే మనిషి మీదే! తల్లిని ఎదిరించింది, నిజమే. కానీ ఆ తిరుగుబాటు తీసుకెళ్లి దించింది మేనరికంలోనే, కులంలోనే, చుట్టరికంలోనే. అందుకే ఆ కథ అంతగా నచ్చింది. 1973లో విజయనిర్మల సినిమాగా తీశారు, 2016లో 'అ ఆ' చూసినవాళ్లకి మళ్లీ అదే కథ గుర్తొచ్చింది. కూతురికి ప్రేమ దొరుకుతుంది, ఇంటికి అల్లుడు దొరుకుతాడు, ఎవరికీ ఏమీ పోదు. మియో కథలోనూ జరిగింది ఇదే. బాధ్యత, ఇష్టం అనే రెండు దారులు చివరికి ఒకే మగవాడి గుమ్మం దగ్గర కలుస్తాయి. రచయిత్రి దయవల్ల అతను మంచివాడు.

నిజం బతుకుల్లో ఆ రెండు దారులూ కలవకపోతే ఏమవుతుందో నేను మా అక్క దగ్గర చూశాను.

1979. అక్కకి పంతొమ్మిది. ఇంటర్ పాసయింది. టీచర్ ట్రైనింగ్ దరఖాస్తు నింపి, ఫొటో అంటించి, ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టుకుంది. బాన్సువాడ వైపు నుంచి సంబంధం వచ్చింది. నలుగురు వచ్చారు. పిల్లని తెలుగులో, ఇంగ్లీషులో అడ్రసు రాయమన్నారు, దస్తూరి చూశారు. వాకిట్లో వేపచెట్టు దాకా నడవమన్నారు. కాలు కుంటు లేదని తేలింది. పిల్లగాడు తన కాళ్ల వంకే చూస్తూ కూర్చున్నాడు. వాళ్లు వెళ్లాక బాపు ఆ మాట అన్నాడు. అక్క ఈ మాట అంది. అంతే.

ఆ వారమంతా అక్కకి కడుపునొప్పి. అమ్మ వాము నీళ్లు తాగించింది, ఫ్యాక్టరీ దవాఖాన నుంచి మందు తెచ్చారు. ఎవరూ ఆ నొప్పినీ ఆ పెళ్లినీ కలిపి ఆలోచించలేదు. చాలా ఏండ్ల తర్వాత తనిజాకి జున్‌ఇచిరో నవల 'ససమెయుకి' ఇంగ్లీషులో చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను. ఒసాకాలో చితికిపోతున్న పెద్దింటి నలుగురు అక్కచెల్లెళ్ల కథ అది. మూడో అమ్మాయి యుకికోకి సంబంధాలు చూడటమే నవలంతా. ఆమె పెళ్లి కాకుండా నాలుగో అమ్మాయికి కాకూడదు. 'పెద్దదాని పెండ్లి కాంది చిన్నదానికెట్ల' అనే మాట జపాన్‌లోనూ ఉందన్నమాట! యుకికో ఎప్పుడూ అవుననదు, కాదనదు. చివరికి ఒక సంబంధం కుదురుతుంది. పెళ్లికి రైల్లో పోతుంటే ఆమెకి విరేచనాలు తగ్గవు. ఆ పెద్ద నవల అక్కడ ముగుస్తుంది. నోరు చెప్పనిది కడుపు చెప్పింది. ఆ ఒక్క వివరంతో తనిజాకి మా అక్కని నాకు అర్థం చేయించాడు.

బావ చెడ్డవాడు కాడు. ఈ మాట చెప్పకపోతే అన్యాయం. అతన్ని కూడా ఎవరూ అడగలేదని అక్కకి తర్వాత తెలిసింది. అతనికి ఇద్దరు చెల్లెండ్లు. మా బాపు చెరుకు పైసల్లోంచి, అప్పులోంచి ఇచ్చిన కట్నం ఆ ఎండాకాలంలోనే బావ చెల్లె పెళ్లికి కట్నంగా పోయింది. అక్కడినుంచి ఇంకో ఆడపిల్ల పెళ్లికి పోయి ఉంటుంది. కట్నం అడగడం, ఇవ్వడం నేరమని 1961 చట్టం చెప్తూనే ఉంది, ఆ డబ్బు మాత్రం ఒక ఆడపిల్ల నుంచి ఇంకో ఆడపిల్లకి, మధ్యలో ఎక్కడా ఏ ఆడపిల్ల చేతిలోనూ ఆగకుండా నడిచిపోయింది. కుటుంబ బాధ్యత అనే మాటని మనం ఎప్పుడూ మనసు భాషలోనే మాట్లాడతాం. ప్రేమ, త్యాగం, పరువు అంటాం. దానికి ఒక పద్దు పుస్తకం కూడా ఉంటుంది. అక్క "వద్దు" అని ఉంటే ఒక్క పెళ్లి ఆగేది కాదు, వరసగా మూడు ఆగేవి. ఆ సంగతి ఎవరూ ఆమెకి చెప్పలేదు. ఆమెకి తెలుసు. అలా తెలిసిన పిల్లని "నీ ఇష్టం" అని అడగడంలో అర్థమేముంది?

చట్టం కూడా పెళ్లినే గీతగా గీసింది. ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాల కన్నా ముందు. అయితే అప్పటికే పెళ్లయిన కూతుళ్లకి అది లేదు. అంటే మా ఊరి భూమిలో నాకు వంతు ఉంది, ఆరేండ్ల ముందు పెళ్లయిన అక్కకి లేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరం. నా పెళ్లి 1988లో. పెళ్లికి వారం ముందు స్టాంపు కాగితం తెచ్చారు. నాకు రావలసింది కట్నం కింద ముట్టిందని అందులో ఉంది. పెన్ను చేతికిస్తూ బాపు మళ్లీ అదే అన్నాడు... "నీ ఇష్టం బిడ్డా." 2005లో కేంద్ర చట్టం పెళ్లయిన, కాని తేడా తీసేసింది. 2020లో సుప్రీంకోర్టు, ఆ సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి లేకున్నా కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదేనని తేల్చింది. అప్పటికి మా ఊరి భూమి పంపకాలు అయిపోయి, అందులో చెరుకు పోయి వరి వచ్చి చాలా కాలమైంది.

ఉద్యోగంలో చేరి నిజామాబాద్ టౌన్‌కి వచ్చాక నాకు ఇంకో రకం పెళ్లిచూపులు తెలిశాయి. నా క్లాసులో సగంమంది ఆడపిల్లలు బడి అయిపోగానే చాట ముందేసుకుని కూర్చునేవాళ్లు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. రోజుకి వెయ్యి బీడీలు చేసే పిల్ల అంటే గట్టి పిల్ల. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో వేలాది ఇండ్లు ఆ చాట మీద నడిచాయి. అక్కడ పిల్లని చూడ్డానికి వచ్చినవాళ్లు మొహం కన్నా ముందు చేతివేళ్లు చూస్తారు. పి.ఎఫ్. పుస్తకం ఉన్నదా, కంపెనీలో పేరున్నదా అని అడుగుతారు. ఆ పుస్తకం ఉంటే కట్నం దగ్గర కొంచెం మెత్తబడతారు. ఒకసారి ఒక తల్లి నాతో అంది, "మా పిల్లకు పుస్తకం ఉంది టీచరమ్మా, దాన్ని ఎవరన్న చేసుకుంటరు" అని. ఆ మాటలో గర్వం ఉంది, ధీమా ఉంది. నాకు మాత్రం ఆ 'ఎవరన్న' అనే మాట దగ్గర ఆగిపోవాలనిపించింది. ఎవరైనా చేసుకునే పిల్ల, ఎవరిని చేసుకోవాలో అడిగే పిల్ల ఒకటి కాదు. ఆమె సంపాదనని లోకం గుర్తించింది, ఆమె ఇష్టాన్ని మాత్రం గుర్తించలేదు. ఆడవాళ్లు సంపాదిస్తే స్వేచ్ఛ దానంతటదే వస్తుందని నమ్మేవాళ్లు ఒకసారి మా వైపు వచ్చి చూడాలి.

మగపిల్లల సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు 'నిజాం షుగర్స్‌ల పర్మనెంట్' అంటే జిల్లాలో దాన్ని మించిన సంబంధం లేదు. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు వాళ్ల చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ ప్రకటించి మూసేశారు. ఆ తర్వాత ఆ పర్మనెంట్ అనే మాటకి పెళ్లిళ్లలో విలువ పోయింది. ఆర్మూర్, బాల్కొండ వైపు ఇండ్ల నుంచి ఎప్పటినుంచో గల్ఫ్‌కి పోతున్నారు. ఎందుకు పోయావురా అంటే పదిమందిలో ఎందరో "అక్కల పెండ్లిళ్ల అప్పు" అంటారు. ఆ పిల్లగాళ్లు రెండు నెలల సెలవు మీద వస్తారు. ఆ రెండు నెలల్లోనే చూడ్డం, కుదరడం, పెళ్లి, మళ్లీ విమానం. దుబాయిలో కూలి చేసే పిల్లగాడికీ, బీడీలు చుట్టే పిల్లకీ ఒకరినొకరు ఇష్టపడటానికి మిగిలేది కొన్ని వారాలు. తర్వాతిదంతా ఫోన్‌లోనే. బాధ్యత మగవాడి మీద కూడా కూర్చుంటుంది. అయితే అతను దూరం పోయి మోస్తాడు, ఆమె ఆ ఇంట్లోనే ఉండి మోస్తుంది.

మళ్లీ జపాన్ దగ్గరికి వస్తాను. అక్కడా మన పెళ్లిచూపుల్లాంటిది ఉంది, 'ఒమియాయి' అంటారు. మధ్యవర్తిని 'నకోదో' అంటారు. ఫొటోలు, వంశం, చదువు, ఆరోగ్యం, ఆరాలు... అన్నీ మనవే. ఓజు 1949లో తీసిన 'లేట్ స్ప్రింగ్' సినిమాలో నోరికో తండ్రితోనే ఉండిపోవాలనుకుంటుంది. తండ్రి తాను మళ్లీ పెళ్లి చేసుకుంటున్నట్టు అబద్ధమాడితే గానీ ఆమె పెళ్లికి ఒప్పుకోదు. అంత పెళ్లి జరుగుతుంది, పెళ్లికొడుకు మాత్రం సినిమాలో ఒక్కసారి కూడా కనపడడు! పిల్ల పంపకమే విషయం కానీ ఎవరికన్నది కాదు. చివరికి తండ్రి ఒక్కడే కుర్చీలో కూర్చుని ఆపిల్ పండు తొక్క తీస్తూ తల వాలుస్తాడు. బాధ్యత పేరుతో ఇద్దరూ తమకి ఇష్టమైన దాన్నే తమ చేతులతో విడగొట్టుకున్నారు. ఆ సినిమా చూసినప్పుడు నాకు మొదటిసారి మా బాపు మీద జాలి కలిగింది. "నీ ఇష్టం బిడ్డా" అన్నప్పుడు ఆయన గొంతు ఎందుకు అంత మెల్లగా ఉండేదో ఆలోచించాను. ఆయనని కూడా ఎవరో వెనక నుంచి తోస్తున్నారు.

1960ల చివరికొచ్చేసరికి జపాన్‌లో కుదిర్చిన పెళ్లిళ్ల కన్నా ప్రేమ పెళ్లిళ్లు ఎక్కువయ్యాయి. ఇప్పుడు పాత పద్ధతి పెళ్లి అక్కడ చాలా తక్కువ. అందుకేనేమో 'నా సంతోషకరమైన పెళ్లి' కథని నూరేండ్ల కిందటి కిమోనోల కాలం లాంటి ఒక ఊహాలోకంలో పెట్టారు. అక్కడి యువతికి అది ఎవరూ తన మీద రుద్దలేని కథ. ఎంపిక చేసుకుని చేసుకుని అలసిపోయినవాళ్లకి, 'నా బదులు ఇంకెవరో చూసిపెడితే, అతను బంగారంలాంటివాడు అయితే' అని కలగనడం హాయిగా ఉంటుంది. పుస్తకం మూసేస్తే కల అయిపోతుంది. నిజామాబాద్‌లో కూర్చుని అదే కథ చదివే పిల్లకి పుస్తకం మూశాక అవతలి గదిలో బయోడేటా ఉంటుంది. వాళ్లకి అది గతం. మనకి వచ్చే వారం. ఒకే బొమ్మని రెండు దేశాల ఆడపిల్లలు చూసి రెండు వేరే కథలు చదువుతారని నాకు అనిపించింది.

మా మనవరాలికి నిజంగానే సంబంధం వచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఫొటో, వివరాలు వాట్సాప్‌లో వచ్చాయి. ఎత్తు, రంగు, ప్లాటు, కారు, అన్నీ వరసగా టైపు చేసి ఉన్నాయి. దస్తూరి చూసే పని లేదు, వేపచెట్టు దాకా నడవమనే పని లేదు. ఒక హోటల్లో కలిపారు. "ఇద్దరు మాట్లాడుకోండ్రి" అని పక్క టేబుల్‌కి పోయి కూర్చున్నారు. ఇరవై నిమిషాలు. పదిరోజుల్లో చెప్పమని మధ్యవర్తి కబురు. పిల్లకి పి.హెచ్.డి. చేయాలని ఉంది, ప్రవేశపరీక్షకి చదువుతోంది. పెళ్లయ్యాక చదువుకోవచ్చని వాళ్లు అన్నారు. ఈ 'చదువుకోవచ్చు' అనే మాటని మా తరం చాలాసార్లు వింది.

పిల్లకి నచ్చజెప్పమని నన్ను పిలిచారు. పిలిచింది ఎవరనుకున్నారు? మా అక్కనే. దరఖాస్తు చీరల కింద దాచుకున్న అక్క.

"నన్నడిగిండ్రా? నేను బతకలేదా?" అంది అక్క. "ఇయ్యాల వద్దంటది. రేపు ఇంత మంచి సంబంధం వస్తదా? దాని ఎన్క చెల్లె ఉంది. దాని నాయినకు బీపీ. నీ నవలల ముచ్చట్లు ఈడ చెప్పకు."

అక్క మాటల్లో అబద్ధం లేదు. వెనక చెల్లె ఉంది, తండ్రికి బీపీ ఉంది. అక్క బతికింది కూడా. ఇరవై ఏండ్లు తన ఇంటి అరుగు మీద వాడకట్టు పిల్లలకి పైసా తీసుకోకుండా చదువు చెప్పింది. ఎందుకు చెప్పిందో నాకు తెలుసు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆడవాళ్లే ఆడవాళ్లకి శత్రువులు అని తేలికగా అనేస్తారు. నేను అక్కని అలా చూడలేను. తాను కట్టిన మూల్యం వృథా కాలేదని ఆమెకి ఎవరైనా చెప్పాలి. మనవరాలు కూడా అదే మూల్యం కడితే అది వృథా కాదని రుజువవుతుంది. ఎదురు తిరిగితే మాత్రం, అప్పుడు తాను కూడా తిరగవచ్చు కదా అనే ప్రశ్న అరవై దాటిన వయసులో ఆమె ముందు నిలబడుతుంది. ఆ ప్రశ్నకి ఆమె భయపడుతోంది. భయపడదా మరి?

పిల్లతో ఒంటరిగా కూర్చున్నాను. అబ్బాయి ఎలా ఉన్నాడని అడగలేదు. నీకేం అనిపిస్తోందని అడిగాను. తను మాంగా ముచ్చట తీసింది. "చిన్నమ్మమ్మా, ఆ కియోకా మంచోడు కాబట్టి అది కథ అయింది. మియో మంచితనంతోని కాదు. ఆయన మంచోడు కాకుంటే ఆమె ఎవరికి చెప్పుకుంటది? వాపస్ పోతందుకు ఇల్లు కూడ లేదు కద."

యద్దనపూడి నవలలు చదివిన కాలంలో నాకీ ప్రశ్న తట్టలేదు. రంగనాయకమ్మ 'జానకి విముక్తి' నన్ను పెళ్లి తర్వాతి ఇంట్లోకి తీసుకెళ్లి చూపించేదాకా, నాయకుడు మంచివాడవడం అదృష్టమని, ఏర్పాటు కాదని నాకు తెలియలేదు. ఈ పిల్ల బొమ్మల కథ చదువుతూనే కనిపెట్టింది. మన పిల్లలు ప్రేమకథలు చదివి పాడైపోతున్నారని బాధపడేవాళ్లకి ఈ సంగతి చెప్పాలనిపించింది. చదివేవాళ్లు కథ చెప్పినట్టల్లా తల ఊపరు.

ఆ తర్వాత బయటికొచ్చి అందరి ముందు ఒకే మాట అడిగాను. "పిల్ల వద్దంటే రేపు పొద్దున ఈ ఇంట్ల చాయ్ ఇయ్యాల పెట్టుకున్నట్టే పెట్టుకుంటరా?" ఎవరూ మాట్లాడలేదు. పిల్ల తల్లి కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చుంది. నేను అడగదలుచుకుంది అదొక్కటే. 'కాదు' అంటే తల్లి అన్నం మానేసే ఇంట్లో, తండ్రికి బీపీ పెరిగే ఇంట్లో 'అవును' అనే మాటకి విలువ లేదు. ఇష్టం అడగడమంటే ఆ రెండు జవాబులకీ ఇంట్లో చోటు ఉంచడం. ఆ చోటు మాటలతో ఏర్పడదు. పిల్ల పేరు మీద ఏదో ఒకటి ఉండాలి, చేతిలో చదువో పనో ఉండాలి, అత్తగారిల్లు సరిపడకపోతే తిరిగి వచ్చే గది ఉండాలి, చెల్లెలి పెళ్లిని ఈ పెళ్లికి ముడిపెట్టకుండా ఉండాలి. వీటన్నిటికన్నా ముందు సమయం ఉండాలి. ఇరవై నిమిషాల్లో, పది రోజుల్లో తేలేది ఫొటోతో తేలే విషయమే. మనిషిని ఇష్టపడడానికి, పడలేనని తెలుసుకోవడానికి అది చాలదు.

పదో రోజున తండ్రి పిల్లని పిలిచి అడిగాడు. మా ఇండ్లల్లో అడిగినట్టే అడిగాడు. పిల్ల అవునన లేదు, కాదన లేదు, మీ ఇష్టం అని కూడా అనలేదు. "నాకు ఇంక తెల్వదు నాయినా. పరీక్ష అయినంక ఇంకో నాలుగుసార్లు మాట్లాడి చెప్త" అంది.

తెలియదు! మూడు తరాల్లో మా ఇంట్లో ఏ ఆడపిల్లా ఇవ్వని జవాబు అది. అవును అంటే మంచి పిల్ల, కాదంటే మొండి పిల్ల. తెలియదు అనే పిల్లకి మా దగ్గర ఇంకా పేరు పెట్టలేదు. నవలల్లోనూ నాకు ఆ నాయిక అంతగా తారసపడలేదు. వాళ్లకి మనసు తెలియకపోయినా రచయిత్రికి తెలుసు, చదివేవాళ్లకి తెలుసు, చివరి పేజీ దాకా ఆగితే చాలు. నిజంగా తెలియకపోవడం, ఆ తెలియకపోవడంలో కొన్నాళ్లు ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా ఉండగలగడం మగపిల్లలకి ఎప్పుడూ ఉన్న సౌకర్యమే.

అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "పరీక్ష ఎప్పుడట?" అని మాత్రం అడిగి పెట్టేసింది. మధ్యవర్తి అదే సాయంత్రం ఇంటికొచ్చాడు. అవతలివాళ్లు తొందర పెడుతున్నారని, ఇంకో రెండు సంబంధాలు వాళ్ల చేతిలో ఉన్నాయని చెప్పాడు. పిల్ల తండ్రి చాలాసేపు మీసం దువ్వుకుంటూ కూర్చుని, చివరికి అన్నాడు: "మా పిల్ల ఇంక చెప్పలే. చెప్పినంక చెప్త."